ఓడ మునిగింది, జట్టు మునగలేదు

మేనేజ్‌మెంట్ క్లాసులో కమిట్‌మెంట్ అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. జీతమిస్తే మనిషి పని చేస్తాడు. భయపెట్టినా చేస్తాడు. ఈ రెండూ లేని చోట కూడా మనసు పెట్టి పనిచేసే జట్టుని ఎవరైనా ఎలా తయారు చేస్తారు? మన ప్రాజెక్టు బ్యాచుల సంగతి మనకి తెలియనిది కాదు. రిపోర్టు అట్ట మీద నాలుగు పేర్లుంటాయి, రాత్రుళ్లు మేలుకునేది ఇద్దరు. మిగతా ఇద్దరినీ తిట్టుకోవడం తేలికే. కానీ రేపు మనలో చాలామంది టీమ్ లీడులు, మేనేజర్లు అవుతారు. అప్పుడు తిట్టుకుంటూ కూర్చుంటే పని జరగదు.

ఈ సందేహానికి పాఠ్యపుస్తకంలో కన్నా ఒక మనిషి జీవితంలో నాకు ఎక్కువ జవాబు దొరికింది. ఆయన పేరు ఎర్నెస్ట్ షాకిల్టన్. అంటార్కిటికా అన్వేషకుడు. చనిపోయి వందేళ్లు దాటింది. తమాషా ఏంటంటే, ఏ పని కోసం బయల్దేరాడో ఆ పని ఆయన ఎప్పుడూ పూర్తి చేయలేదు. దక్షిణ ధ్రువం చేరలేదు, అంటార్కిటికాని అడ్డంగా దాటలేదు. అయినా బిజినెస్ స్కూళ్లలో ఈరోజుకీ ఆయన కథ చెబుతున్నారు. ఎందుకో చూద్దాం.

నౌకల మీద పెరిగిన కుర్రాడు

షాకిల్టన్ 1874 ఫిబ్రవరి 15న ఐర్లండులోని కిల్డేర్ కౌంటీలో పుట్టాడు. పదిమంది పిల్లల్లో రెండోవాడు. తండ్రి వ్యవసాయం వదిలి డాక్టరీ చదివి, కుటుంబాన్ని లండన్‌కి తీసుకొచ్చాడు. కొడుకు కూడా డాక్టరు కావాలని ఆయన ఆశ. కొడుక్కి మాత్రం సముద్రం మీద మనసు. పదహారేళ్లకే వాణిజ్య నౌకలో చేరి, 24 ఏళ్లకి కెప్టెన్ పరీక్ష పాసయ్యాడు. నావికులతో కలిసి తిని, కలిసి తడిసి, కింద పనిచేసేవాడి కష్టం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాడు. తర్వాత ఆయన చేసిన చాలా పనులకి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

1901లో కెప్టెన్ స్కాట్ నాయకత్వంలో డిస్కవరీ నౌకలో తొలిసారి అంటార్కిటికా వెళ్లాడు. అక్కడ స్కర్వీతో బాగా దెబ్బతిన్నాడు. 1903లో స్కాట్ ఆయన్ని ఇంటికి పంపేశాడు. ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. 1907లో సొంతంగా డబ్బు పోగుచేసుకుని నిమ్రోడ్ అనే నౌకలో మళ్లీ బయల్దేరాడు. ఈసారి నాయకుడు తనే.

97 మైళ్ల దూరంలో వెనక్కి

1909 జనవరి 9. షాకిల్టన్, మరో ముగ్గురు దక్షిణ ధ్రువానికి 97 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే సుమారు 180 కిలోమీటర్ల దూరంలో నిలబడి ఉన్నారు. అప్పటిదాకా మనిషి అంత దక్షిణానికి వెళ్లింది లేదు. ఇంకొన్ని రోజులు నడిస్తే పేరు చరిత్రలో ఉంటుంది. కానీ తిండి అయిపోతోంది. ముందుకెళ్తే ధ్రువం దొరుకుతుందేమో గానీ, నలుగురూ తిరిగి రారు. వెనక్కి తిరిగాడు.

ఆ ప్రయాణంలో తిండి పంచే పద్ధతి ఒకటి చెప్పాలి. వండినవాడు గిన్నెల్లో వంతులు పెడతాడు. ఒకడు వీపు తిప్పి కూర్చుంటాడు. వండినవాడు ఒక గిన్నె చూపించి ఇది ఎవరిదని అడిగితే, చూడకుండా కూర్చున్నవాడు ఎవరో ఒకరి పేరు చెబుతాడు. ఎక్కువ తక్కువలు పడినా ఎవరి మీదా ఎవరికీ అనుమానం రాదు. ఆకలితో ఉన్న మనుషుల మధ్య అనుమానం ఎంత పని చేస్తుందో ఊహించుకోండి. దాన్ని మొదట్లోనే తుంచేశారు.

తిరుగు దారిలో ఫ్రాంక్ వైల్డ్ అనే సహచరుడు బాగా నీరసించాడు. షాకిల్టన్ తన వంతు బిస్కెట్టు తీసి బలవంతంగా అతని చేతిలో పెట్టాడు. ఆ ఒక్క బిస్కెట్టు అప్పుడు ఎన్ని వేల పౌన్లిచ్చినా దొరకదని వైల్డ్ తన డైరీలో రాసుకున్నాడు. ఈ వైల్డ్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇంగ్లండు చేరాక షాకిల్టన్‌కి సర్ బిరుదు వచ్చింది. 1911 డిసెంబరులో నార్వే దేశస్థుడు అముండ్సెన్ ధ్రువం చేరిపోయాడు. దాంతో షాకిల్టన్ కొత్త లక్ష్యం పెట్టుకున్నాడు. అంటార్కిటికాని ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం దాకా కాలినడకన, స్లెడ్జిల మీద దాటాలి.

మనుషుల్ని ఎంచుకున్న తీరు

ఈ యాత్ర కోసం షాకిల్టన్ పేపర్లో వేసిన ప్రకటన అంటూ ఒకటి నెట్‌లో బాగా తిరుగుతుంటుంది. జీతం తక్కువ, చలి ఎక్కువ, తిరిగొస్తారో లేదో తెలీదు అన్న తరహాలో ఉంటుంది. ఎంతమంది వెతికినా ఆ ప్రకటన పాత పేపర్లలో ఎక్కడా దొరకలేదు. మోటివేషన్ స్పీచుల్లో వాడుకునేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఆయన ఇంటర్వ్యూలు మాత్రం నిజంగానే వింతగా ఉండేవి. భౌతికశాస్త్రం చదివిన జేమ్స్ అనే అతన్ని పళ్లు బాగున్నాయా, కోపం ఎక్కువా, అందరితో కలిసి పాడగలవా అని అడిగి, అయిదు నిమిషాల్లో తీసేసుకున్నాడు. పని నేర్పొచ్చు, ఒకే గదిలో ఏడాది పాటు పక్కవాడిని భరించే స్వభావం నేర్పడం కష్టం. ఆయన చూసుకున్నది అదే.

ఎండ్యూరెన్స్ నౌక 1914 ఆగస్టులో ఇంగ్లండు వదిలింది. బ్యూనస్ ఎయిర్స్ దాటాక పెర్స్ బ్లాక్‌బరో అనే కుర్రాడు లాకర్లో దాక్కుని దొరికిపోయాడు. షాకిల్టన్ అందరి ముందూ గట్టిగా చీవాట్లు పెట్టి, తర్వాత అతనికే వంటవాడి దగ్గర పని ఇచ్చాడు. మొత్తం 28 మంది.

నౌకలో ఒక నియమం ఉండేది. శాస్త్రవేత్త అయినా, ఆఫీసరు అయినా, నావికుడు అయినా నేల తుడిచే వంతు, రాత్రి కాపలా వంతు తప్పవు. కొందరు పెద్ద చదువుల వాళ్లు మొహం చిట్లించారు. కానీ నెలలు గడిచేసరికి పై తరగతి, కింది తరగతి అనే గీత చాలావరకు చెరిగిపోయింది. పక్కవాడి పని ఎంత కష్టమో చేసి చూసినవాడికి తెలిసినట్టు, విని తెలుసుకున్నవాడికి తెలియదు కదా.

లక్ష్యం మారిన రోజు

1915 జనవరిలో వెడ్డెల్ సముద్రంలో ఎండ్యూరెన్స్ మంచులో ఇరుక్కుంది. ఒడ్డు ఇంకొక్క రోజు ప్రయాణం. మంచు మాత్రం కదల్లేదు. పది నెలల పాటు నౌక మంచుతో పాటే కొట్టుకుపోయింది. అంత ఖాళీ సమయం జట్టుకి ఎంత ప్రమాదమో షాకిల్టన్‌కి తెలుసు. కుక్కల బళ్లకి పందేలు పెట్టాడు, మంచు మీద ఫుట్‌బాల్ ఆడించాడు, రాత్రి భోజనం తర్వాత అందరూ ఒకచోట కూర్చునేలా చూశాడు. ఎవరి రోజువారీ పని వారికి ఉండేది.

అక్టోబరు 27న మంచు ఒత్తిడికి నౌక నలిగిపోయింది. అందరూ దిగి మంచు మీద గుడారాలు వేసుకున్నారు. నవంబరు 21న ఎండ్యూరెన్స్ పూర్తిగా మునిగిపోయింది. రేడియో సాయం లేదు. వీళ్లు ఎక్కడున్నారో ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపేసిన చోటు ఇదే. ఏళ్ల తరబడి కన్న కల కళ్ల ముందే విరిగిపోయింది. షాకిల్టన్ ఆ రాత్రి ఎంత బాధపడ్డాడో ఆయనకే తెలియాలి. పొద్దున్నే మాత్రం మనుషుల్ని పిలిచి, నౌక పోయింది కాబట్టి ఇంటికి వెళ్దాం అని మామూలుగా చెప్పాడు. పాత లక్ష్యం గురించి శోకాలు లేవు, తప్పెవరిదన్న విచారణ లేదు. ఖండం దాటడం అన్నది ఆయన కోరిక. ప్రాణాలతో ఇల్లు చేరడం 28 మంది కోరిక. ఆ రోజు నుంచి లక్ష్యం నిజంగా అందరిదీ అయ్యింది.

బరువు తగ్గించుకోవాలని మనిషికి రెండు పౌన్ల సొంత సామాను మాత్రమే ఉంచుకోమన్నాడు. చెప్పి ఊరుకోలేదు. ముందుగా తన జేబులోని బంగారు నాణేలు మంచు మీద పడేశాడు. రాణి ఇచ్చిన బైబిలులో రెండు మూడు పేజీలు చించుకుని పుస్తకాన్ని అక్కడే వదిలేశాడు. ఆ తర్వాత ఇంకెవరూ బేరాలాడలేదు. కానీ హస్సీ అనే అతని బాంజోని మాత్రం తీసుకు రమ్మన్నాడు. అది అయిదు కిలోల పైనే. మనసుకీ మందు కావాలని ఆయన లెక్క. ఎలిఫెంట్ దీవిలో ఆ బాంజో ఎంత పనికొచ్చిందో తర్వాత అందరూ చెప్పుకున్నారు.

నిద్ర సంచులు రెండు రకాలు. 18 బొచ్చువి, వెచ్చగా ఉంటాయి. మిగతావి ఉన్నివి, చలికి ఆగవు. చీట్లు తీశారు. విచిత్రంగా షాకిల్టన్, వైల్డ్, నౌక కెప్టెన్ వర్స్‌లీ, ఇలా పెద్దలకి ఉన్ని సంచులే వచ్చాయి. బొచ్చు సంచులన్నీ కింది నావికులకి పోయాయి. ఈ చీట్లలో ఏదో మోసం జరిగిందని నావికులకి అప్పుడే అర్థమైంది. తమ కోసం జరిగిన మోసం గనక ఎవరూ అడగలేదు.

గుడారాల పంపకంలోనూ ఆలోచన ఉంది. ఎవరు తేడాగా ఉన్నారో, ఎవరికి పొగడ్త కావాలో, ఎవరిని మిగతావాళ్లు ఏడిపిస్తారో వాళ్లనే తన గుడారంలో పెట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ హర్లీకి తనని సంప్రదించకుండా నిర్ణయాలు జరిగితే నచ్చదు. అందుకని షాకిల్టన్ అతన్ని పక్కనే ఉంచుకుని ప్రతిదానికీ సలహా అడిగేవాడు. మనమైతే ఏం చేస్తాం? మన మాట వినేవాళ్లని దగ్గర పెట్టుకుని, తలనొప్పి బ్యాచుని దూరంగా తోసేస్తాం. వాళ్లు అక్కడ కూర్చుని ఇంకో నలుగురికి తలనొప్పి అంటిస్తారు.

కాగితం మీది ఒప్పందం

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. 1915 డిసెంబరు చివర్లో బరువైన పడవల్ని మంచు మీద ఈడ్చుకుంటూ వెళ్తుంటే వడ్రంగి హ్యారీ మెక్‌నీష్ ఇక లాగనని నిలబడిపోయాడు. నౌక మునిగింది కాబట్టి ఒప్పందం రద్దయిందని, ఇక ఎవరి ఆజ్ఞా వినక్కర్లేదని అతని వాదన. అతనికి ఆరోగ్యం బాగోలేదు. పైగా నౌక పోయాక, తిండి చాలదని షాకిల్టన్ కాల్పించిన జంతువుల్లో అతను ప్రేమగా పెంచుకున్న పిల్లి కూడా ఉంది. షాకిల్టన్ అందర్నీ నిలబెట్టి ఒప్పంద పత్రం చదివి వినిపించాడు. తిరిగి రేవు చేరేదాకా పని చేయాలి, జీతం కూడా వస్తుంది అని తేల్చాడు. మెక్‌నీష్ లొంగాడు.

కాగితం ఆ రోజుకి పనికొచ్చింది, అంతే. రెండ్రోజుల్లోనే ఈడ్చడం కుదరదని షాకిల్టన్‌కీ అర్థమై ఆ నడక మానేశాడు. అంటే వడ్రంగి చెప్పిన దాంట్లో కొంత నిజం ఉందన్నమాట.

చిన్న పడవ, పెద్ద సముద్రం

1916 ఏప్రిల్ 9న మంచు విరిగింది. మూడు పడవల్లో బయల్దేరి, ఏప్రిల్ 15కి ఎలిఫెంట్ దీవి చేరారు. దారిలో హర్లీ చేతి తొడుగులు పోతే షాకిల్టన్ తనవి తీసి ఇచ్చాడు. అతను వద్దంటే, తీసుకోకపోతే సముద్రంలో పారేస్తానన్నాడు. దానికి ఆయన వేలు చలికి దెబ్బతింది. ఒకటింబావు ఏడాది తర్వాత కాలి కింద గట్టి నేల. కానీ అక్కడికి ఏ నౌకా రాదు.

అందుకని ఆరుగురు జేమ్స్ కెయిర్డ్ అనే ఏడు మీటర్ల పడవలో 1,300 కిలోమీటర్ల దూరంలో ఉన్న సౌత్ జార్జియా దీవికి వెళ్లాలని నిర్ణయం. ఆ పడవని సముద్రానికి తగ్గట్టు తయారుచేసింది ఎవరో తెలుసా? లాగనన్న మెక్‌నీషే. గోడలు ఎత్తు పెంచాడు. స్లెడ్జి పట్టీలు, పెట్టెల మూతలు, గుడ్డ కలిపి పైకప్పు వేశాడు. దీపం వత్తులు, చిత్రకారుడి రంగులు, సీల్ నెత్తురుతో కంతలు పూడ్చాడు. దొరికిన సామానుతో అంతకన్నా మంచి ఇంజనీరింగ్ నేనెక్కడా చదవలేదు. షాకిల్టన్ అతన్ని, గొడవ పెట్టుకునే విన్సెంట్‌ని తనతోనే తీసుకెళ్లాడు. పనితనం తనకి కావాలి, చిరాకు దీవిలో ఉన్నవాళ్లకి మిగలకూడదు.

ఆ పడవలో ఎవరైనా చలికి మరీ వణుకుతుంటే షాకిల్టన్ అందరికీ వేడి పాలు పెట్టించేవాడు. ఆ ఒక్కడికే ఇస్తే, తను బలహీనుడినని వాడు కుంగిపోతాడని. వర్స్‌లీ దారంతా సూర్యుణ్ణి చూసి లెక్క కట్టగలిగింది నాలుగే సార్లు. అయినా మే 10న సౌత్ జార్జియా తాకారు.

తాకింది జనం లేని వైపు. తిమింగలాల వేట కేంద్రం దీవికి అవతల ఉంది. మధ్యలో అప్పటికి ఎవరూ దాటని కొండలు. షాకిల్టన్, వర్స్‌లీ, క్రీన్ ముగ్గురూ బయల్దేరారు. జారిపోకుండా పడవలోని మరమేకులు పీకి వాళ్ల బూట్లకి బిగించింది మళ్లీ మెక్‌నీషే. ఒకచోట ఇద్దరూ నిద్రలోకి జారిపోతే, ముగ్గురం పడుకుంటే లేవమని షాకిల్టన్ మేలుకున్నాడు. అయిదు నిమిషాలకి లేపి అరగంట పడుకున్నారని చెప్పాడు. వాళ్లు నమ్మి, ఓపిక తెచ్చుకుని నడిచారు. 36 గంటల తర్వాత, మే 20న స్ట్రామ్‌నెస్ చేరారు.

22 మంది ఎదురుచూపు

ఎలిఫెంట్ దీవిలో 22 మంది రెండు పడవలు బోర్లించి వాటి కింద బతుకుతున్నారు. బాధ్యత వైల్డ్‌ది. లాకర్లో దాక్కుని వచ్చిన బ్లాక్‌బరో ఎడమ కాలి వేళ్లని డాక్టర్లు అక్కడే కోసి తీయాల్సి వచ్చింది. సముద్రం తేటపడిన రోజుల్లో పొద్దున్నే వైల్డ్ అందరితో పక్కలు చుట్టించేవాడు. బాస్ ఈరోజు రావచ్చు, సిద్ధంగా ఉండాలి అన్నట్టు. నాలుగు నెలలు పైగా అదే మాట. నాయకుడు కళ్లెదుట లేనప్పుడు జట్టు ఎలా ఉంటుందన్నది అసలు పరీక్ష. తన తర్వాత నిలబడగల మనిషిని షాకిల్టన్ ఏడేళ్ల కిందటే, బిస్కెట్టు నాడే సంపాదించుకున్నాడు.

మూడు నౌకలతో మూడుసార్లు ప్రయత్నిస్తే మంచు అడ్డుపడింది. నాలుగోసారి చిలీ ప్రభుత్వపు యెల్చో నౌకలో, 1916 ఆగస్టు 30న దీవి చేరాడు. దూరం నుంచే తలలు లెక్కపెట్టాడు. 22.

ఏరు దాటాక

ఇక్కడ ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఆపడం నాకిష్టం లేదు. ఖండం అవతలి వైపు, షాకిల్టన్ దాటి వస్తాడని దారిలో తిండి దాచిపెట్టడానికి వెళ్లిన ఇంకో జట్టు ఉంది. వాళ్లు చెప్పిన పని చేశారు. ఎప్పటికీ రాని మనుషుల కోసం తిండి మోసి ముగ్గురు చనిపోయారు. డబ్బు సరిగా అమర్చకుండా, ఏర్పాట్లు హడావుడిగా చేసి పంపిన జట్టు అది. కళ్లెదుట ఉన్నవాళ్లని అంత బాగా చూసుకున్న మనిషి, దూరంగా ఉన్నవాళ్ల విషయంలో అంత జాగ్రత్త తీసుకోలేకపోయాడు.

రెండోది మెక్‌నీష్ సంగతి. తిరిగొచ్చాక జట్టుకి పోలార్ మెడల్ ఇచ్చారు. షాకిల్టన్ నలుగురి పేర్లు సిఫారసు చేయలేదు. వాళ్లలో మెక్‌నీష్ ఒకడు. అతను పడవ కట్టకపోతే మిగతా ఎవరి మెడకీ మెడల్ ఉండేది కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని మనవాళ్లు ఊరికే అనలేదు. మెక్‌నీష్ 1930లో న్యూజిలాండులో పేదవాడిగా పోయాడు. 2004లో అతని సమాధి మీద కంచు పిల్లిబొమ్మ పెట్టారు. మెడల్ మాత్రం రాలేదు.

నాకు షాకిల్టన్ మీద గౌరవం తగ్గలేదు. కానీ ఒక విషయం అర్థమైంది. ఎదురు మాట్లాడినవాడికి కమిట్‌మెంట్ లేదనుకోవడం మేనేజర్లందరూ తేలికగా పడే గుంట. మెక్‌నీష్ నోరు ఒకటి చెప్పింది, చేతులు ఇంకోటి చేశాయి. షాకిల్టన్ అంతటివాడు నోటినే గుర్తుపెట్టుకున్నాడు.

మళ్లీ పిలిస్తే

1921లో షాకిల్టన్ క్వెస్ట్ అనే నౌకలో మరో యాత్రకి బయల్దేరాడు. ఎండ్యూరెన్స్ జట్టులోంచి ఎనిమిది మంది మళ్లీ వచ్చారు. కొందరికి పాత యాత్ర జీతం కూడా పూర్తిగా అందలేదు. అయినా వచ్చారు. 1922 జనవరి 5న సౌత్ జార్జియాలో నౌక ఆగి ఉండగా షాకిల్టన్ గుండెపోటుతో చనిపోయాడు. 47 ఏళ్లు. మిగిలింది అప్పులే. భార్య కోరిక మీద అక్కడే, గ్రిట్వికెన్‌లో పాతిపెట్టారు.

2022 మార్చిలో ఎండ్యూరెన్స్‌ని మూడు వేల మీటర్ల లోతులో కనుక్కున్నారు. అంతకన్నా నన్ను కదిలించింది 2011లో జరిగింది. ఫ్రాంక్ వైల్డ్ అస్థికల్ని తెచ్చి షాకిల్టన్ సమాధికి కుడిపక్కన ఉంచారు. షాకిల్టన్ కుడిభుజం అని రాయి మీద చెక్కారు.

మొదట్లో అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. కమిట్‌మెంట్ అనేది మీటింగులో అడిగి తీసుకునేది కాదు. ముందు వదులుకోవాల్సినవి లీడరే వదులుకోవాలి. పంపకంలో అనుమానానికి చోటివ్వకూడదు. లక్ష్యం అందరిదీ కావాలి. ఎదురు చెప్పేవాడిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, పని అయ్యాక అతని పేరు కూడా చెప్పాలి. ఈ చివరిది షాకిల్టన్ చేయలేదు. మనం చేయొచ్చు. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టులో కృతజ్ఞతల పేజీ రాసేటప్పుడు, మనతో గొడవపడి కూడా పని చేసిపెట్టిన వాళ్లెవరైనా ఉన్నారేమో ఒక్కసారి గుర్తు చేసుకోండి.